అన్నిటికీ ఒకటే తూటా

ఏప్రిల్ 6

కట్టు విప్పారు. లోపల ఎముకకి ఇనప పలక, దానికి మరలు. ఆసుపత్రిలో ఆ పిల్ల డాక్టరు నా మణికట్టు అటూ ఇటూ తిప్పి, "మేవిస్ గారూ, మీ వయసుకి ఇది చాలా బాగా అతుక్కుంది" అంది. అరవై రెండేళ్ళ మనిషి ఆ మాట పొగడ్త కింద తీసుకుంటుందని అనుకుంది కాబోలు. బరువులెత్తొద్దట. అదురు తగిలే పనులు చెయ్యొద్దట. అదురంటే ఏమిటని అడిగితే సుత్తి, గొడ్డలి, అలాంటివని చెప్పింది. తుపాకీ అనలేదు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి నాన్న నలభై నాలుగు మాగ్నం పిస్టల్ బయటికి తీశాను. కాల్చలేదు, ఊరికే చాచి పట్టుకున్నాను. దాని బరువుకే చెయ్యి కిందికి వాలిపోయింది. తిరిగి సొరుగులో పెట్టేశాను.

ఏప్రిల్ 9

ఆర్లెన్ వచ్చాడు. తమ్ముడన్నవాడు వస్తే కాఫీ తాగి ఊళ్ళో కబుర్లు చెప్పి వెళ్ళాలి. వీడు కాఫీ తాగుతున్నంతసేపూ నా చేతినే చూశాడు.

"అక్కా, ఈ ఏడు కంచరగాడిదల బారు ముందు జోలీన్‌ని పెడదామనుకుంటున్నా."

జోలీన్ వాడి కూతురు. మంచి పిల్ల. కంచరగాడిద మీద మూట రెండు పక్కలా సమంగా కట్టడం నేర్పింది నేనే.

"నేనేం చచ్చానా?" అన్నాను.

"చచ్చావని ఎవరన్నారు? నాన్న పెట్టిన పద్ధతే కదా. పిస్టల్ ఎవరి నడుముకి ఉంటే బారు ముందు వాళ్ళు నడవాలి. కొండ మీద ఏ జంతువైనా కాలు విరగ్గొట్టుకుంటే బాధపడనివ్వకుండా కాల్చాలి, గ్రిజ్లీ ఎలుగు మీదికొస్తే కాల్చాలి. నువ్వేమో ఇందాక కాఫీ కప్పు ఎడం చేతికి మార్చుకున్నావు. నేను చూశాను."

"వేడిగా ఉందని మార్చుకున్నా."

"సరే, వేడిగా ఉందని." వాడు నవ్వలేదు. "మే నెలాఖరున మెమోరియల్ డే నాడు పనివాళ్ళందరూ భోజనానికొస్తారు. ఆ రోజు మన తీపి 'పై' కాల్చే రేకు పళ్ళెం కంచెకి తగిలిస్తా, దాని మీద ఆరు తూటాలు కాల్చు. ఆరూ తగిలితే బారు నీదే. తుపాకీ ఏదైనా నాకభ్యంతరం లేదు. కానీ అందులో ఎలుగుని ఆపే తూటా ఉండాలి. బొమ్మ తుపాకీ తెస్తే ఒప్పుకోను."

"నీకు కాల్చడం నేర్పింది నేను."

"అందుకే నాకు గురి కుదర్లేదు."

తగలకపోతే కొండ మీద వంట గుడారం నాదట. జీతం తగ్గదట. నా బిస్కెట్లతో గోడ కట్టొచ్చని ముప్పై ఏళ్ళుగా వెక్కిరించేది కూడా వీడే.

పెళ్ళి వద్దనుకున్నాను, పిల్లలు వద్దనుకున్నాను. ఒంటికాయ శొంఠికొమ్ములా బతికాను, అందుకు ఏనాడూ చింతించలేదు. నాకున్నదల్లా ఆ కొండ, పట్నం వాళ్ళనీ వాళ్ళ సామానునీ కొండెక్కించే ఆ బారు, బారుకి ముందు నా గుర్రం డీకన్. అది కూడా లాక్కుంటే నేనెవరో నాకే తెలీదు.

వదలను.

ఏప్రిల్ 11

ఓరిన్ కొట్టుకి వెళ్ళాను. బళ్ళో నా పక్క బెంచీ వాడు. అప్పుడు సీసపు గోళీలు అమ్మేవాడు, ఇప్పుడు తుపాకులు అమ్ముతున్నాడు.

"ఒక్క చేతి తుపాకీ, ఒక్క క్యాలిబర్, అంటే ఒకే సైజు తూటా," అన్నాను. "పాముకీ, విరిగిన కాలుకీ, గ్రిజ్లీకీ, రాత్రిపూట తలుపు తట్టే వెధవకీ, అన్నిటికీ అదే పనికిరావాలి. నా చెయ్యి దాన్ని తట్టుకోవాలి. ఏది?"

అనకుండా ఉండాల్సింది. కౌంటరు దగ్గర రోజంతా కూర్చునే ముసలాళ్ళు ముగ్గురూ ఒక్కసారి లేచారు. ఒకాయన టెన్ ఎమ్మెమ్ తప్ప వేరేది తుపాకీయే కాదన్నాడు. ఇంకొకాయన నలభై ఐదు కోల్ట్ మా తాత వాడాడన్నాడు. మూడో ఆయన తొమ్మిది ఎమ్మెమ్ చాలు, గట్టి సీసం గుండు వేస్తే ఎలుగు ఎముక కూడా దానికి ఆగదన్నాడు. మిగతా ఇద్దరూ ఆయన్ని ఎలకలు కొట్టుకునేవాడని ఆటపట్టించారు.

"వీళ్ళనా అడుగుతున్నావు?" అన్నాడు ఓరిన్. "ఒక్క పెళ్ళాంతో సర్దుకోలేని మనుషులు వీళ్ళు. ఒక్క క్యాలిబర్ అంటే ఎలా చెబుతారు?"

టెన్ ఎమ్మెమ్ పట్టుకుని చూశాను. తుపాకీ మీది రేకు వెనక్కి లాగడానికే పళ్ళు బిగించాల్సొచ్చింది. కొట్టు వెనక గోడ దగ్గర రెండు కాల్చాను. మణికట్టు వెనక్కి తగ్గడంతో మూడోది లోపలే ఇరుక్కుపోయింది. ఓరిన్ తుపాకీ అందుకుని తూటా బయటికి లాగాడు. బళ్ళో నా లెక్క తప్పినప్పుడు కూడా ఇలాగే అందుకునేవాడు. అప్పుడూ నాకు ఒళ్ళు మండేది.

నా మణికట్టు లెక్కన నలభై ఐదు కూడా నలభై నాలుగుకి చెల్లెలే, అదే బరువు, అదే అదురు. తొమ్మిది ఎమ్మెమ్ హాయిగా ఉంది కానీ ఆర్లెన్ దాన్ని చూస్తే జూలై దాకా నవ్వుతూనే ఉంటాడు.

ఏప్రిల్ 14

దొరికింది.

మూడు యాభై ఏడు మాగ్నం, తూటాలకి ఆరు గదులున్న రివాల్వర్. నాలుగంగుళాల గొట్టం. ఇది దొరకడానికి మూడు రోజులు పట్టిందంటే నా బుద్ధికి కూడా కట్టు కట్టారేమో.

దీని గొప్పంతా ఇక్కడుంది. ఇందులో పొడుగైన మాగ్నం తూటా వేసుకోవచ్చు, గ్రిజ్లీ పుర్రెకైనా అది చాలు. అదే తుపాకీలో పొట్టిదైన ముప్పై ఎనిమిది తూటా కూడా వేసుకోవచ్చు, అది మెత్తగా పేలుతుంది, సాధనకి మంచిది. పాముల కోసం చిన్న చిన్న గుళ్ళు నింపిన తూటాలు వస్తాయి, అవీ పడతాయి. ఒకే తుపాకీ, ఒకే నడుము, అన్ని పనులూ. ముసలాళ్ళకి చెబితే ముగ్గురూ, "అదే మేమూ అనబోయాం" అన్నారు.

ఓరిన్ పెట్టె కడుతూ, "ముప్పై ఎనిమిదులు ఎక్కువ కాలిస్తే గొట్టం ఒక్కటీ తుడిస్తే చాలదు మేవిస్, గదులు కూడా కుంచెతో తోము" అన్నాడు. కుంచె అమ్ముకోవడానికి చెబుతున్నాడని వినలేదు. నేను జీవితమంతా నలభై నాలుగులో నలభై నాలుగే కాల్చిన దాన్ని, తుపాకీ తుడవడం ఇప్పుడు నాకు కొత్తా?

ఏప్రిల్ 17

ముప్పై ఎనిమిదులు కాల్చాను. 'పై' పళ్ళెం చిల్లులు పడి జల్లెడైంది. దొడ్లో డీకన్ చెవులు కూడా కదపలేదు, మేస్తూనే ఉన్నాడు. వాడికి పాతికేళ్ళు దాటినా నా గురి మీద నమ్మకం చెడలేదు.

ఎంత సంతోషంగా ఉందో. రేపటి నుంచి మాగ్నంలు.

ఏప్రిల్ 18

ఒకటి కాల్చాను. చాలు.

ఏప్రిల్ 24

చెయ్యి వాపు తగ్గింది. నాకు తెలిసి ఆ రోజు పట్టు సరిగ్గా లేదు. పట్టు తప్పితే ఎవరికైనా నొప్పి పుడుతుంది. ముందు ముప్పై ఎనిమిదులతో పట్టు కుదరాలి, ఆ తర్వాత మాగ్నం దానంతటదే వస్తుంది.

ఏప్రిల్ 28

ముప్పై ఎనిమిదులు. అన్నీ తగిలాయి. మాగ్నంలు కూడా కాలుద్దామనుకున్నాను కానీ గాలి ఎక్కువగా ఉంది.

మే 3

వాన.

మే 7

ఆర్లెన్ కంచె దగ్గర ఆగి అడిగాడు. "సాధన ఎలా ఉంది?"

"బాగుంది."

"దేనితో కాలుస్తున్నావు?"

"మాగ్నంలతో. ఇంకేముంది?"

"రోజూ?"

"రోజూ."

వాడు తల ఊపి వెళ్ళిపోయాడు. అబద్ధమేం కాదు. ఆ తుపాకీ మాగ్నమే. రేపటి నుంచి అవే కాలుస్తాను కదా, ఒక రోజు ముందు చెప్పానంతే.

మే 8

గాలి.

మే 12

ముప్పై ఎనిమిదులు. పళ్ళెం దూరం పెంచాను. అయినా తగిలాయి. ఓరిన్ కొట్లో ఇంకో రెండు పెట్టెలు తెచ్చుకున్నాను. "మాగ్నంలు కావాలా?" అని అడిగాడు. ఇంట్లో ఉన్నాయన్నాను. ఉన్నాయి. పెట్టె దాదాపు నిండుగా ఉంది.

మే 19

జోలీన్ వచ్చింది, డీకన్ గిట్టలు కత్తిరించి వెళ్ళింది. ఆ పని నేనే చేసేదాన్ని. వెళ్ళేముందు, "అత్తా, నాన్న నా పేరు ఎత్తాడట. నేనైతే అడగలేదు" అంది.

"నువ్వు అడిగితే మాత్రం తప్పేముంది?"

"నువ్వుండగా అడగను."

నేనుండగా. మీ వయసుకి. అందరూ ఎంత మర్యాదగా మాట్లాడుతున్నారో!

మే 26

రేపే. గొట్టం అద్దంలా తుడిచాను. మాగ్నంలు బల్ల మీద వరుసగా పేర్చి చూశాను. పరీక్షకి ఆరంటే ఆరు. ఆరుసార్లు నొప్పి ఓర్చుకోలేనా? నలుగురి ఎదటా నిలబడితే ఒంట్లోకి ఎక్కడలేని బలమూ వస్తుంది. మంచు తుఫానులో బారుని దించిన దాన్ని. రేపు వస్తుంది, ఆ బలం.

మే 27

రాయకుండా పడుకుందామనుకున్నాను. రాస్తాను.

అందరూ వచ్చారు. బంగాళాదుంప సలాడు, కాల్చిన మాంసం, పిల్లల గోల. మెమోరియల్ డే కదా, యుద్ధాల్లో పోయినవాళ్ళ సమాధుల దగ్గర జెండాలు గుచ్చి వచ్చాక ఆర్లెన్ 'పై' పళ్ళెం కంచె స్తంభానికి తగిలించాడు. పనివాళ్ళు బీరు సీసాలతో వరసగా నిలబడ్డారు. నేను రివాల్వరు తెరిచి మొదటి మాగ్నం వేశాను.

అది గదిలోకి పూర్తిగా దిగలేదు. గోరు మందాన బయటే ఉండిపోయింది. బొటనవేలితో నొక్కాను. దిగలేదు. తీసి రెండో గదిలో వేశాను. అదీ అంతే. మూడోదీ అంతే. గదుల చక్రం మూతపడటం లేదు.

"ఏమైంది?" అన్నాడు ఆర్లెన్.

"తూటాలు బాగోలేవు. ఓరిన్ పాత సరుకు అంటగట్టాడు."

ఆర్లెన్ తుపాకీ తీసుకుని వెలుతురుకి ఎత్తి ఆ గదుల్లోంచి చూశాడు. జేబు రుమాలు చిటికెన వేలికి చుట్టి ఒక గదిలో తిప్పి తీశాడు. నల్లగా వచ్చింది. అప్పుడు వాడి మొహం మారింది. కోపం కాదు. కోపమైతే బాగుండేది.

"అక్కా," అన్నాడు, గొంతు తగ్గించి. తగ్గించినా అందరికీ వినపడింది. "ముప్పై ఎనిమిది పొట్టి తూటా కదా. అది పేలిన చోట మసి అడుగంటిన గిన్నెలా గట్టిపడి గది చుట్టూ ఉంగరం కడుతుంది. పొడుగు మాగ్నం ఆ ఉంగరం దాటి దిగదు. రోజూ మాగ్నంలు కాల్చే తుపాకీలో ఈ ఉంగరం ఉండదు."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన బీరు సీసా మీద కాయితం గోకుతూ తలొంచుకున్నాడు. అక్కడున్న ప్రతి మనిషికీ అర్థమైంది, పక్కూరి నుంచి వచ్చిన ఆర్లెన్ అత్తగారితో సహా. కావాలంటే నా నోరు అబద్ధమాడుతుంది కానీ ఆ తుపాకీ ఆడలేదు.

"బారు జోలీన్‌ది," అన్నాడు ఆర్లెన్. "పళ్ళెం తీసెయ్యండి. 'పై' తిందాం."

నేను తినలేదు.

మే 28

వంట చెయ్యను.

మే 30

ఓరిన్ కొట్టుకి వెళ్ళి కుంచె కొన్నాను. విషయం వాడికి అప్పటికే తెలుసు, ఇంత చిన్న ఊళ్ళో తెలియకుండా ఎలా ఉంటుంది? "చెప్పానుగా" అంటాడని చూశాను. అనలేదు. "నూనె వేసి కాసేపు నాననిచ్చి తోము" అన్నాడు, అంతే. కుంచెకి డబ్బు తీసుకోనంటే బల్ల మీద పెట్టేసి వచ్చాను.

గదులు ఆరూ తోమాను. మసి పొరలు పొరలుగా వచ్చింది. ఏప్రిల్, మే మొత్తం అలా గుడ్డ మీద నల్లగా పరుచుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఒంటరిగా కూర్చున్నా మొహం వేడెక్కింది.

మే 31

ఇవాళ నిజం రాస్తాను. గాలి లేదు. వాన లేదు.

ఆరు మాగ్నంలు నింపాను. మొదటిది తగిలింది. రెండోది పళ్ళెం అంచుకి తగిలింది. మూడోదానికి ముందే కళ్ళు మూసుకున్నాను, నాకు తెలుస్తూనే ఉంది. నాలుగోది కంచె మీదుగా పోయింది, ఎటు పోయిందో తెలీదు. ఐదు, ఆరు కాల్చలేదు. ఎడం చేత్తో కూడా ప్రయత్నించాను, అంతకంటే ఘోరం.

ఈ చెయ్యి ఇక మాగ్నం కాల్చదు. పట్టు మారినా, చేతి తొడుగు మారినా, డాక్టరు మారినా కాల్చదు. ఈ మాట ఏప్రిల్ 18న రాసుండాల్సింది.

రాశాక చూస్తే ప్రాణం పోలేదు.

జూన్ 2

అయినా వదలను. ఇవాళ కూర్చుని ఒకటే ఆలోచించాను. ఇన్నేళ్ళలో నాన్న పిస్టల్ కొండ మీద ఏం పని చేసింది?

బండల్లో కాలు విరిగిన గోధుమరంగు ఆడ కంచరగాడిద. పొట్ట చీలిన సారా అనే ఇంకో కంచరగాడిద. వాగులో నడుం విరిగిన ఆ తిక్క గుర్రం, దాని పేరు మర్చిపోయాను. తప్పిపోయిన వేటగాడికి వినపడాలని గాల్లోకి కాల్చినవి. గుడారం దగ్గర పాము. ఇంతే. గ్రిజ్లీలు ఎన్నోసార్లు ఎదురయ్యాయి, రెండుసార్లు మీదికొచ్చాయి. రెండుసార్లూ వాటి మొహాన కొట్టింది కారం స్ప్రే. నాన్న కాలంలో ఆ డబ్బా లేదు, అందుకని నలభై నాలుగు మోశాడు. మేము నాన్న మోశాడని మోస్తున్నాం.

ఎలుగు కోసం మోశాం, జంతువుల బాధ తీర్చడానికి వాడాం. ఆ పనికి దగ్గర నుంచి, సరైన చోట, వణకని చేత్తో ముప్పై ఎనిమిది సరిపోతుంది. నా చెయ్యి ముప్పై ఎనిమిదితో వణకదు.

జూన్ 4

వెళ్ళి చెప్పాను. ఆర్లెన్ ట్రక్కు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. బయటికి కూడా రాలేదు, బూట్లతోనే మాట్లాడాల్సొచ్చింది.

"ముందుగా, మే ఏడున నీతో అబద్ధమాడాను. అది తప్పు," అన్నాను.

"ఊఁ."

"ముప్పై ఎనిమిది పెట్టుకుని బారు ముందు నేనే నడుస్తాను. ఛాతీ మీద స్ప్రే ఉంటుంది."

"స్ప్రే ఎదురుగాలికి మన మొహానే పడుతుంది."

"నలభై నాలుగు గురి తప్పితే ఎవరి మొహాన పడుతుంది?"

స్పానరు చప్పుడు ఆగింది. కింద నుంచే అన్నాడు, "నాకున్నది ఒక్క అక్క. నిన్ను ముక్కలు ముక్కలుగా మూట కట్టుకుని కిందికి దించాలా? ఆ మూట కట్టడం కూడా నువ్వే నేర్పావు. వద్దు. మాట్లాడకు."

వాడు ఇలాంటి మాట నాతో అనడం ఇదే మొదలు. రెంచి అందించి వచ్చేశాను.

జూన్ 9

వంట గుడారానికి సామాను కొనమని జోలీన్‌తో కబురు పంపాడు. కొనను. రోజూ ముప్పై ఎనిమిదులు కాలుస్తున్నాను. కాల్చిన ప్రతిసారీ గదులు తోముతున్నాను. ఎవరు అడిగినా ముప్పై ఎనిమిదులే అని చెబుతున్నాను. ఎవరూ అడగడం లేదు.

జూన్ 13

పొద్దున మేత వేద్దామని వెళ్తే డీకన్ నేల మీద పడి దొర్లుతున్నాడు. ఒళ్ళంతా చెమట. పొట్ట వైపు తిరిగి చూసుకుంటాడు, లేస్తాడు, మళ్ళీ కూలిపోతాడు. పేగు మెలిపడింది. ఇదివరకు చూశాను, చూడగానే తెలిసింది. పశువుల డాక్టరుకి ఫోను చేశాను. మంచు కరిగి ఏరు వంతెన మీదికొచ్చింది, మధ్యాహ్నం దాకా రాలేనన్నాడు. వచ్చినా ఆ వయసులో కోత పనికిరాదు, బాధపడనివ్వకండి అన్నాడు. ఆయన అన్న "ఆ వయసు"కి నాకు కోపం రాలేదు.

ఆర్లెన్, జోలీన్ పరిగెత్తుకొచ్చారు. ఆర్లెన్ చేతిలో నాన్న నలభై నాలుగు ఉంది, పరీక్షయ్యాక నా దగ్గర్నుంచి తీసుకెళ్ళింది.

"నువ్వు ఇంట్లోకి వెళ్ళక్కా. నేను చూసుకుంటా."

"తోలినవాళ్ళ చేత్తోనే పోవాలి. అది కూడా నాన్న పద్ధతే."

"దానితోనా?" నా నడుము వైపు చూశాడు. "రెండో తూటా కావాల్సొస్తే నేను చూడలేను. వాడూ తట్టుకోలేడు."

"రెండోది అవసరం రాదు."

వాడు నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. జోలీన్ వాడి మోచెయ్యి పట్టుకుంది. "నాన్నా, అత్తని వెళ్ళనీ."

నేను డీకన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. తల నా తొడ మీదికి వాల్చాడు. ఎప్పుడూ అలా చేసేవాడు కాదు, గారాలు పోయే రకం కాదు. మంచులో దారి కనపడనప్పుడు కళ్ళేలు వదిలేస్తే తనే ఇల్లు చేర్చేవాడు. చెవి దగ్గర నోరు పెట్టి మంచోడివిరా అన్నాను. ఇంకా ఏవో అన్నాను. లేచి నిలబడ్డాను, రెండు చేతులతో పట్టుకున్నాను, నాన్న చూపించిన చోట పెట్టాను. చెయ్యి వణకలేదు.

ఒక్కటే.

ఇక ఏ బాధా లేదు వాడికి. నేను కంచె పట్టుకుని ఏడ్చాను. పనివాళ్ళు వస్తున్నారు, చూస్తున్నారు, అయినా ఏడ్చాను. ఆర్లెన్ నలభై నాలుగుని బెల్టులోకి దోపుకుని నా పక్కన నిలబడ్డాడు. వాడి ముక్కు కూడా ఎర్రగా ఉంది. గొయ్యి జోలీన్ ట్రాక్టరుతో తవ్వింది.

జూన్ 14

దొడ్డి వైపు వెళ్ళలేదు.

జూన్ 17

ఆర్లెన్ రూబార్బ్ కాడలతో చేసిన 'పై' తెచ్చాడు. పళ్ళెం మాత్రం తిరిగివ్వాలట, ఇంట్లో మిగిలినవన్నీ నేను చిల్లులు పెట్టానట. చాలా రోజుల తర్వాత నవ్వాను.

తిన్నాక చెప్పాను, కప్పు ఎడం చేతికి మార్చుకుని, వాడు చూస్తుండగానే. "వసంతమంతా అన్నిటికీ ఒకటే తూటా కావాలని పోట్లాడాను. తూటా కోసం కాదురా. నా వెనక ఇంకో మనిషి అక్కర్లేదని చూపించాలనుకున్నాను. ఆ పంతంతోనే నీతో అబద్ధమాడాను."

వాడు పై మీద అంటుకున్న చక్కెర వేలితో తీసుకుంటున్నాడు.

"జోలీన్ రెండో గుర్రం మీద రానీ, నలభై నాలుగు దానికివ్వు. దాని మణికట్టు ఎద్దు మెడలా ఉంది. ఎలుగు వస్తే ముందు నా స్ప్రే, తప్పితే దాని తుపాకీ. కాలు విరిగితే నేను. ముందు మాత్రం నేనే నడుస్తాను. కొండ కనుమ దగ్గర మంచు కింద బోలుగా ఉండే చోటు నాకు తెలుసు, దానికింకా తెలీదు. ఈ ఏడు నా వెనక నడిస్తే దానికీ తెలుస్తుంది."

"నాన్న పద్ధతి ప్రకారం ఒక బారుకి ఒకటే పిస్టల్."

"నాన్నకి మణికట్టులో ఇనుము లేదు."

"ఆలోచిస్తా," అని లేచాడు. "అక్కా, ఆ రోజు డీకన్ దగ్గర..." అని ఆగిపోయాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జూన్ 25

ఇంకా ఆలోచిస్తున్నాడు. అడగను. అడిగితే కాదంటాడు. మూటల తాళ్ళు నూనె పెట్టి సిద్ధం చేశాను. వంట సామాను కొనలేదు.

జూలై 3

రేపు కాదు, ఎల్లుండి బయల్దేరాలి. కనుమ తెరుచుకుందని అటవీశాఖ వాళ్ళు చెప్పారు. ఆర్లెన్ నోరు విప్పలేదు. నా జీను నేను ట్రక్కులో వేసుకున్నాను. వంట గుడారమే అంటే ఆ జీను దించను, అంతే.

జూలై 5, మొదటి మకాం

పొద్దున దొడ్డి దగ్గర మెమోరియల్ డే నాటి మొహాలన్నీ ఉన్నాయి. కంచరగాడిదలు మూటలతో బారు కట్టి ఉన్నాయి. జోలీన్ గుర్రం మీద, నలభై నాలుగు దాని నడుముకి. ముందు నడిచేవాళ్ళ తుపాకీ అది. బారు పగ్గం ఆర్లెన్ చేతిలో ఉంది. చేపలు పట్టడానికి వచ్చిన పట్నం వాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను జీను బిగించి వచ్చి ఆర్లెన్ ఎదురుగా నిలబడ్డాను. తప్పుకోమంటే తప్పుకోననే మాట నోట్లో సిద్ధంగా ఉంచుకున్నాను.

వాడు నా రివాల్వర్ వైపు చూశాడు.

"ఏం నింపావక్కా?" అని అడిగాడు. గట్టిగా, అందరికీ వినపడేలా, కావాలనే.

తాళ్ళు కడుతున్న పనివాళ్ళు ఆగారు. మాగ్నం అని ఒక్క మాట అంటే చాలు, వాడు ఈసారి తెరిచి చూడడు, అది నాకు తెలుసు.

"ముప్పై ఎనిమిది," అన్నాను, నేనూ గట్టిగానే. "ఆరుకి ఆరూ. నా చెయ్యి అంతకంటే మొయ్యదు."

ఆర్లెన్ పగ్గం నా చేతిలో పెట్టాడు. కుడి చేతిలోనే పెట్టాడు.

"మరింకా నిలబడ్డావేం?" అన్నాడు. "వెనక పిల్లకి కనుమ చూపించు."

కనుమ దాటేసరికి మధ్యాహ్నం దాటింది. మంచు బోలుగా ఉన్న చోట జోలీన్‌ని దింపి కర్రతో గుచ్చి చూపించాను. మణికట్టు సలుపుతోంది, ఇది ఎడం చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతున్నాయి. రేపు కూడా ముందు నేనే.